ఒక తేదీ సరిచేసుకోండి



పోయిన కార్తీకంలో మా చరిత్ర మాస్టారు వెళ్ళిపోయారు. ఎనభై ఎనిమిదేళ్ళు. నాలుగు రోజులు జ్వరపడ్డారు, అయిదో రోజు తెల్లారేసరికి లేరు. ఎవరిచేతా చేయించుకోకుండా పోయాడు పుణ్యాత్ముడు అంటారే, అలా.

ఆయన పేరు నేను చెప్పను. ఇలాంటి చోట తన పేరు వినపడటం ఆయనకు సుతరామూ గిట్టదు. రిటైరైన ఏడాది మేమంతా కలిసి సన్మానం తలపెడితే, ఆ శాలువా డబ్బులు పెట్టి లైబ్రరీ బీరువాలకు రెండు మంచి తాళాలు కొనిపెట్టండర్రా అన్నారు. కొనిపెట్టాం. శాలువా కూడా కప్పాం లెండి, ఆయన విసుక్కుంటూనే కప్పించుకున్నారు. డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా మొదలై, విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ముగించిన మనిషి. మాకు మాత్రం చివరిదాకా మాస్టారే.

నేను ఆయన క్లాసులో కూర్చున్నది 1973లో. గుంటూరు జిల్లాలో ఒక కాలేజీ, బి.ఏ. మొదటి సంవత్సరం. ముప్పై నలుగురం ఉండేవాళ్ళం, ఆడపిల్లలం ముగ్గురం. ఇష్టపడి చరిత్ర తీసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. లెక్కలు రానివాళ్ళం, సైన్సులో సీటు దొరకనివాళ్ళం, పెళ్ళి కుదిరేదాకా ఏదో ఒకటి చదవనీ అని ఇంట్లో పంపినవాళ్ళం. నేను మూడో రకం.

మాస్టారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. ఎండ లేదు, వాన లేదు, అయినా గొడుగుంది. దాన్ని బల్లకు ఆనించి, హాజరు కూడా పిలవకుండా ఒకటే మాట అడిగారు. "మీ ఇంట్లో అన్నిటికన్నా పాత కాగితం ఏది?"

ఎవరికీ తెలీదు. రేపు తీసుకురండి అని వెళ్ళిపోయారు. క్లాసంతా కలిపి రెండు నిమిషాలు.

మర్నాడు బల్ల మీద సంత పెట్టినట్టయింది. జాతకాలు, శిస్తు రసీదులు, శుభలేఖలు, ఒకబ్బాయి వాళ్ళ నాన్న మిలటరీలో ఉండగా రాసిన ఉత్తరం. నేను మా నాయనమ్మ పెట్టెలోంచి ఒక ప్రామిసరీ నోటు పట్టుకెళ్ళాను. మా తాత నలభై రూపాయలకు రాసిచ్చినది. అంగీరస నామ సంవత్సరం, భాద్రపద మాసం. మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. "అంగీరస అంటే 1932. ధాన్యం ధర పాతాళానికి పోయిన రోజులు. భాద్రపదం, అంటే ఇంకా కోతలు రాలేదు, ఇంట్లో గింజలు అయిపోయి ఉంటాయి. ఇది రాసిందెవరమ్మా?" అన్నారు. మా తాత అన్నాను. "కాదు. కింద మీ తాతగారి వేలిముద్ర ఉంది. చేతిరాత కరణానిదో, షావుకారు గుమాస్తాదో. ఇది మీ తాతగారు చెప్పింది కాదు, మీ తాతగారి గురించి ఇంకొకళ్ళు రాసింది. ఆ తేడా గుర్తుంటే మూడేళ్ళూ నీకు ఇంకేం నేర్పక్కర్లేదు."

ఇంకేం నేర్పక్కర్లేదన్న మనిషి మూడేళ్ళూ ప్రాణం తీశారు. ఏం చెప్పినా "ఎవరు చెప్పారు?" అనేవారు. అశోకుడు చెట్లు నాటించాడండీ. ఎవరు చెప్పారు? పుస్తకంలో ఉందండీ. పుస్తకానికి ఎవరు చెప్పారు? అశోకుడే రాళ్ళ మీద చెక్కించుకున్నాడండీ. "ఆఁ, ఇప్పుడు దారిలోకొచ్చావ్. తన గురించి తనే చెప్పుకున్నాడన్నమాట. అబద్ధమని కాదు. కానీ ఆ చెట్ల నీడన నడిచినవాడు మాత్రం మనకేం చెప్పలేదు." కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనం ఒకటుంది. అందులో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకీ, నాగలి చాలు తిరిగినట్టు నడుస్తాయి. మాస్టారు బోర్డు మీద అలాగే అటూ ఇటూ రాసి చూపించి, చక్రవర్తి మాట గొప్పదే, దాన్ని చెక్కినవాడికి ఆ పూట ఏం తోచిందో చూడండి అని నవ్వారు. ఎందుకలా చెక్కాడో పరీక్షలో రాయమంటారేమోనని మా భయం మాది.

రెండో సంవత్సరంలో మోటుపల్లి తీసుకెళ్ళారు. ప్యాసింజరు బండిలో వేటపాలెం దాకా. దిగగానే మగపిల్లలంతా జీడిపప్పు కొట్ల వైపు నడిచారు, మాస్టారు సారస్వత నికేతనం వైపు. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయం గుమ్మం ముందు చెప్పులు విడిచి, గుడిలోకి వెళ్ళినట్టే వెళ్ళారు. గంటన్నర బయటికి రాలేదు. లోపల పాత పత్రికల కట్టల మధ్య ఆయన్ను చూస్తే, ఇక మోటుపల్లి ఈ జన్మకు చూడమనే అనుకున్నాం.

చూశాం. దొరికిన బండ్ల మీద సాయంత్రానికి చేరాం. అక్కడ వీరభద్రస్వామి గుడి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. శక 1166, క్రోధి సంవత్సరం, అంటే 1244. సముద్రం మీద వ్యాపారం చేసేవాళ్ళకు రాజు ఇచ్చిన మాట అది. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు అందులో సరుకంతా లాక్కునేవారు. ఇకమీదట అలా జరగదు, న్యాయంగా రావలసిన సుంకం తప్ప ఏమీ ముట్టుకోం అని గణపతిదేవుడు చెక్కించాడు. సుంకం ముప్పయ్యో వంతు. దాని కింద సరుకుల జాబితా కూడా ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, పగడాలు, మిరియాలు, వక్కలు. మాస్టారు ఒక్కొక్కటే చదువుతుంటే మాకు వాసనలు వచ్చినట్టే అయింది. చదవడం ఆపి, "ముందటి రాజులు లాక్కునేవాళ్ళని చెప్పిందెవరు?" అన్నారు. మేమంతా ఒక్కసారే "తర్వాతి రాజు!" అని అరిచాం. గుడి పూజారి ఏమైందోనని బయటికొచ్చారు.

ఆ మర్నాడు జరిగిందే నాకు ఎక్కువ గుర్తు. తిరుగుదారిలో ఒక ఊరి బావి దగ్గర బట్టలుతికే బండ ఒకటి మాస్టారి కంటబడింది. అంచున అక్షరాలున్నాయి. రెండొంతులు అరిగిపోయింది. అక్కడున్న ఆడవాళ్ళను బతిమాలుకుని, బండను నీళ్ళతో కడిగి, బ్రష్షుతో సందులన్నీ తోమారు. సంచిలోంచి పెద్ద కాగితం తీసి తడిపి రాతి మీద పరిచారు. గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో కొడుతుంటే ఆ కాగితం అక్షరాల గుంటల్లోకి దిగింది. కాస్త ఆరాక, గుడ్డ ఉండకు సిరా అద్ది పైపైన తట్టారు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలాయి. మాకది ఇంద్రజాలం. ఉతుకుతున్న ఒకావిడ, "నిధి గురించి ఏమన్నా రాసుందా బాబూ?" అని అడిగింది. మాస్టారు చదివి, "యాభై గొర్రెలున్నాయమ్మా" అన్నారు.

అది దీపానికిచ్చిన దానం. అలాంటివి ద్రాక్షారామంలో, బాపట్ల భావనారాయణస్వామి గుడిలో కొల్లలుగా కనిపిస్తాయి. ఎవరో పుణ్యం కోసం దేవుడికి అఖండ దీపం పెడతారు. దానికి నెయ్యి కావాలి. అందుకని గొర్రెల మందను ఒక బోయడికి అప్పజెబుతారు. అతను, అతని తర్వాత అతని పిల్లలు, రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి. మా రాతి మీద దానం ఇచ్చినవాడి పేరు అరిగిపోయింది. రాజు పేరూ పోయింది. గొర్రెలు తీసుకున్న బోయడి పేరులో చివరి రెండక్షరాలు మాత్రం మిగిలాయి. మాస్టారు ఆ కాగితాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని రైలెక్కారు. ఇచ్చినవాడు ఒక్కరోజు ఇచ్చాడు, పోసినవాడు రోజూ పోశాడు, రాయికి కూడా ఎవర్ని ఉంచుకోవాలో తెలుసు అన్నారు. ఇది చరిత్రకారుడు అనవలసిన మాట కాదని ఆయనకూ తెలుసు. అని, వెంటనే సిగ్గుపడ్డట్టు కిటికీలోంచి బయటికి చూశారు.

కాకతీయుల దగ్గరికొచ్చేసరికి క్లాసులో గొడవయింది. ఏ కులం వాళ్ళు అని. మీకు తెలియంది కాదు, మన దగ్గర ఏ రాజు పేరెత్తినా పది నిమిషాల్లో అక్కడికే చేరతాం. వెనక బెంచీల్లో ఇద్దరు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. మాస్టారు కేకలెయ్యలేదు. ఒక శాసనంలో సూర్యవంశమని ఉంది, మరికొన్నింట్లో చతుర్థ కులమని ఉంది, రెండూ చదవండి, ఎవరు ఏ సందర్భంలో చెక్కించారో చూడండి అన్నారు. అయినా ఊరుకోకపోతే, "సరే, తేలిందే అనుకుందాం. తేలితే మీ ఇద్దర్లో ఎవరికి వరంగల్లు కోటలో వాటా వస్తుందిరా?" అన్నారు. ఆ ఇద్దరూ తర్వాత వియ్యంకులయ్యారు. అది వేరే కథ.

రుద్రమదేవి పాఠం చెప్పిన రోజు మార్కోపోలోను చీల్చి చెండాడారు. ఆ వెనిస్ యాత్రికుడు మోటుపల్లి రాజ్యాన్ని ముత్ఫిలి అన్నాడు. అక్కడి రాణి భర్త పోయాక నలభై ఏళ్ళు ధర్మంగా ఏలిందని మెచ్చుకున్నాడు. అయితే రుద్రమ గణపతిదేవుడికి కూతురు, భార్య కాదు. పెళ్ళాడినది నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి. "పాముల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే, వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయని కూడా ఇదే మహానుభావుడు రాశాడు. గద్దలను నమ్మనివాళ్ళు భార్యను మాత్రం ఎందుకు నమ్మాలి? మెప్పును ఉంచుకోండి, చుట్టరికాన్ని సరిచేసుకోండి" అన్నారు. ఆ తర్వాత బోర్డు మీద రుద్రమదేవి కాలం రాశారు. చివరి ఏడు 1296. మేం రాసుకున్నాం. పరీక్షలో అదే రాశాం. నాకు మంచి మార్కులే వచ్చాయి.

డిగ్రీ అయింది. పెళ్ళయింది. 1979లో నేనొక హైస్కూల్లో సోషలు చెబుతున్నాను. ఒక మధ్యాహ్నం పోస్టుకార్డు వచ్చింది. క్షేమ సమాచారాలు లేవు, ఆశీస్సులు లేవు. నల్ల సిరాతో అయిదారు పంక్తులు. రుద్రమదేవి 1296 దాకా జీవించిందని నేను మీకు చెప్పాను, అది తప్పు. నల్లగొండ జిల్లా నకిరేకల్లు దగ్గర చందుపట్లలో దొరికిన శాసనం ప్రకారం ఆవిడ 1289 నవంబరు నాటికే పోయింది. శక 1211కు 78 కలుపుకోండి. మీరు పిల్లలకు చెబుతున్నట్లయితే వెంటనే మార్చండి. ఇట్లు, అని సంతకం.

కాకతీయుల మీద పరబ్రహ్మశాస్త్రి గారి పరిశోధన చదివి, ఆ రాత్రి నిద్రపట్టక లేచి కూర్చున్నారట. ఆ మాట నాకు తర్వాత వాళ్ళ ఆవిడ చెప్పారు. పుస్తకాల బరువుకి మంచం కోడు విరిగితేనే నిద్ర లేవని మనిషి, ఏడేళ్ళ తేడాకు లేచాడమ్మా అని. తను తప్పు చెప్పిన పిల్లల చిరునామాలు కాలేజీ రిజిస్టర్లలోంచి ఎత్తిరాసుకుని, దొరికినవాళ్ళందరికీ కార్డులు వేశారు.

నాకప్పుడు నవ్వొచ్చింది. ఏడు వందల ఏళ్ళ కింద పోయిన మనిషి ఏడేళ్ళు ముందు పోతే ఎవరికేం నష్టం? మా పిల్లలకు ఆ తేదీ పరీక్షలో వచ్చేదే కాదు. కానీ కార్డు పారెయ్యలేకపోయాను. ఆ వేసవి సెలవుల్లో వెళ్ళి ఆ శాసనం గురించి అడిగాను. చెప్పించుకున్నాకే కార్డు ఎందుకొచ్చిందో అర్థమైంది.

రుద్రమదేవి చనిపోయిందని ఏ రాజూ చెక్కించలేదు. ఆవిడ మనవడూ చెక్కించలేదు. పువ్వుల ముమ్మడి అని ఒక ఉద్యోగి, రాణిగారూ సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారని, వాళ్ళకు పుణ్యం కలగాలని, ఒక ఊరి సోమనాథ దేవుడికి కొంత భూమి ఇచ్చి, ఆ మాట రాయి మీద వేయించాడు. అంతే. యుద్ధంలో పోయిందా, తిరగబడ్డ సామంతుడు అంబదేవుడి చేతిలో పోయిందా, జబ్బుచేసి పోయిందా, ఆ రాయి చెప్పదు. యుద్ధమేనని చాలామంది రాస్తారు, సినిమా తీసేవాళ్ళకు అది బాగుంటుంది కూడా. మాస్టారు మాత్రం యుద్ధం మన ఊహ, రాయి మీది మార్గశిర ద్వాదశి ముమ్మడి మాట, రెండిటినీ ఒకే సిరాతో రాయకండి అనేవారు. అంతపెద్ద రాణి ఎప్పుడు పోయిందో చెప్పడానికి ఆవిడ దగ్గర పనిచేసిన ఒక మనిషి కావలసొచ్చాడు. అతను వేయించిన తేదీని మనం తప్పు చెబితే, తప్పు రాణి విషయంలో కాదు, అతని విషయంలో.

ఆయనలో అన్నీ మంచివేనని చెబితే ఆయనే ఒప్పుకోరు. కోపం ఎక్కువ. ఆలస్యంగా వస్తే తలుపు వేసేసేవారు, దూరపు ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళకు అది అన్యాయమే. నవలలంటే చిన్నచూపు. అన్నిటికన్నా పెద్దలోపం, ఒక్క పుస్తకమైనా అచ్చువేయించలేదు. తీరాంధ్ర రేవుల మీద ముప్పయ్యేళ్ళు రాశారు. ప్రతి ఏడూ ఏదో కొత్త శాసనం బయటపడుతుంది, ఒక అధ్యాయం మళ్ళీ మొదటికొస్తుంది. ఆయన దేవుడు మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు. పట్టా లేకుండానే శాసనాలు చదవడం నేర్చుకుని, రెడ్డిరాజ్యాల చరిత్ర రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి. ఒకసారి నేను తెగించి, "మల్లంపల్లి వారు కూడా మీలాగే కూర్చుని ఉంటే మనకు ముసునూరి నాయకుల సంగతి తెలిసేదా మాస్టారూ?" అన్నాను. నవ్వారు. కాఫీ తాగమన్నారు. జవాబు చెప్పలేదు. తప్పులున్న పుస్తకం, లేని పుస్తకం కన్నా మేలని ఇప్పటికీ నా అభిప్రాయం.

పెద్దకర్మ అయ్యాక వాళ్ళబ్బాయి ఫోను చేశాడు. "అక్కా, నాన్న కాగితాలు ఏం చెయ్యాలో తెలీడం లేదు, ఒకసారి వస్తావా" అని. వెళ్ళాను. రెండు ట్రంకు పెట్టెలు, వెదురు గొట్టాల్లో చుట్టిపెట్టిన శాసనాల అచ్చులు, యాభైకి పైగా నోటు పుస్తకాలు. రేవుల పుస్తకం ఉంటుందని వెతికాను. ఉంది, ఏడు రకాలుగా ఉంది.

నోటు పుస్తకాల్లో మూడు 1977 తుపానువి. అవి ఉన్నాయని కూడా నాకు తెలీదు. నవంబరు 19న ఉప్పెన వచ్చాక, నీళ్ళు తీసిన ఊళ్ళ వెంట నెల రోజులు తిరిగారట. ఎవరింట్లో గోడ మీద ఎంత ఎత్తున తడి మరక ఉందో జానలతో కొలిచి రాసుకున్నారు. ఏ పడవ ఎక్కడ తేలింది, ఎవరు ఏ తాటిచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నారు, ఎవరి గొడ్లు ఎన్ని పోయాయి. ప్రతి మాట పక్కనా చెప్పినవాళ్ళ పేరు, వయసు, చేసే పని. గణపతిదేవుడి శాసనంలో తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల యజమానుల పేర్లు లేవని బెంగ పెట్టుకున్న మనిషి, ఇక్కడ ఒక్క పేరు కూడా వదల్లేదు. చదువుతూ ఆ గదిలో నేల మీదే కూర్చుండిపోయాను. వాళ్ళబ్బాయి రెండుసార్లు కాఫీ తెచ్చి, రెండుసార్లూ చల్లారిందే పట్టుకుపోయాడు.

ఆ కాగితాల్లోనే అట్ట చిరిగిన పుస్తకం ఇంకొకటి ఉంది. మొదటి పేజీలో శీర్షిక: 1296 అని నేర్చుకున్నవాళ్ళు. నూట పదకొండు పేర్లు, చిరునామాలు. కార్డు వేసినవాళ్ళ పేరుకు టిక్కు. కొన్ని పేర్ల చుట్టూ ఎర్ర సున్నా. పేజీల మధ్య దారంతో కట్టిన ఆరు కార్డులున్నాయి, చిరునామాదారు లేరని తపాలావాళ్ళు తిప్పి పంపినవి. ఒకదాని మీద మా క్లాసు అబ్బాయి పేరుంది. చీరాల వైపు మగ్గాల ఇంటివాడు. రెండో సంవత్సరం మధ్యలో చదువు మానేశాడు. మోటుపల్లి నుంచి తిరిగి వస్తూ రైల్లో ఆ తడి కాగితానికి రెండో కొస పట్టుకున్నది అతనే.

ఇంటికొచ్చి ఇద్దరు ముగ్గుర్ని అడిగితే నంబరు దొరికింది. ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాడు. కొడుకు దుకాణం నడుపుతున్నాడు, తను గల్లా దగ్గర కూర్చుంటాడు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. మాస్టారి మాట ఎత్తగానే, "గొడుగు మాస్టారే కదూ?" అన్నాడు. పోయారని చెప్పాను. ఏమీ అనలేదు. వెనక దుకాణంలో ఎవరో బేరమాడుతున్నారు.

"నీకో కార్డుంది మాస్టారు రాసింది. అప్పట్లో నీకు అందలేదు" అన్నాను.

"నాకా? నేను పరీక్షే రాయలేదుగా."

"ఒక తేదీ సరిచేసుకోమన్నారు."

"ఉండమ్మా," అన్నాడు, "పెన్ను తీసుకుంటాను."